విజయనగరం ఉత్సవాలకు వస్తున్నాం: సినిమా పాటల స్టేజీ కాకుండా ఎవరిని చూడాలి, ఎక్కడ చూడాలి?

రాజాం కోడలు:

అందరికీ నమస్కారం. మా అత్తవారిది రాజాం. మేం ఉండేది హైదరాబాద్‌లో. ఈసారి దసరాకి వచ్చి, పైడితల్లమ్మ సిరిమాను జాతర అయ్యేదాకా ఇక్కడే ఉందామనుకుంటున్నాం. సిరిమాను పెళ్ళయిన కొత్తలో చూశాను గానీ, దాంతోపాటు జరిగే విజయనగరం ఉత్సవాలు ఎప్పుడూ చూడలేదు.

మా మామగారికి డెబ్బై దాటాయి. చిన్నప్పుడు ఊళ్ళో తెల్లవార్లూ తూర్పు భాగవతం (సత్యభామ కథని పాటలతో, ఆటతో ఆడే మన ఉత్తరాంధ్ర వీధి నాటకం) చూసిన మనిషి. "ఆ మద్దెల మళ్ళీ ఒకసారి వినాలమ్మా" అంటున్నారు. మోకాళ్ళ నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేరు. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. చేతిలో కాగితం, రంగు పెన్సిళ్ళు లేకుండా ఉండదు. తప్పెటగుళ్ళ వీడియో చూసినప్పటి నుంచి "వాళ్ళు గుండెల మీద కొట్టుకునేది ఏమిటి" అని అడుగుతోంది.

కిందటేడాది ఫ్లెక్సీల ఫొటోలు బంధువులు పంపించారు. సినిమా గాయకులవి, టీవీ కమెడియన్లవి పెద్ద పెద్ద బొమ్మలు. అడుగున "మరియు జానపద కళాప్రదర్శనలు" అని ఒక్క లైను. మేం వచ్చేది ఆ ఒక్క లైను కోసమే. ఏ రోజు ఎక్కడికి వెళ్తే వాళ్ళు కనిపిస్తారు? పెద్దాయన్ని కూర్చోబెట్టి చూపించే వీలు ఎక్కడుంది? అమ్మాయికి ఏం చూపిస్తే బాగుంటుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

గంటస్తంభం వీధి:

ముందు జనం సంగతి చెప్తాను. సిరిమాను దసరా తర్వాత వచ్చే మంగళవారం. ముందురోజు సోమవారం తొలేళ్ళు. మంగళవారం మధ్యాహ్నానికి మూడు లాంతర్ల దగ్గర నుంచి కోట దాకా కాలు పెట్టే చోటుండదు. మీ మామగారిని ఆ రోజు ఆ రోడ్డు మీదకి తీసుకురాకండి. ఆ దారిలో మేడ ఉన్న చుట్టాలుంటే పొద్దున్నే వాళ్ళింట్లో దింపేయండి, కుర్చీలో కూర్చుని చూస్తారు. పాప చేతి మీద మీ ఫోన్ నంబరు పెన్నుతో రాయండి. సొంత కారు వద్దు. రాజాం నుంచి చీపురుపల్లి మీదుగా బస్సులు ఉంటాయి, తిరుగు బస్సు ఎక్కడ ఆగుతుందో మాత్రం పొద్దున్నే కనుక్కోండి, ఆ రోజు దారులు మళ్ళిస్తారు.

మిగతా విషయాలు మన మైక్‌సెట్ అన్న చెప్పాలి. ఆయన వచ్చేదాకా ఆగండి.

మైక్‌సెట్ అన్న:

వచ్చాను. అమ్మా, మీ ప్రశ్న చదివి సంతోషం వేసింది. ఆ ఒక్క లైను కోసం వస్తున్నామన్నవాళ్ళు అరుదు.

మాది గజపతినగరం వైపు. మైక్‌సెట్ల వ్యాపారం. నాన్నగారి రోజుల్లో గొట్టం స్పీకర్లు, గ్రామఫోను రికార్డులు. నా రోజుల్లో బాక్సులు, మిక్సర్, కార్డ్‌లెస్ మైకులు. జాతరైనా ఉత్సవమైనా నేనుండేది స్టేజీ పక్కన, వైర్ల మధ్య. మీరు కళాకారుల్ని ఎదురుగా కూర్చుని చూస్తారు. నేను పక్క నుంచి, వాళ్ళ ఆయాసం వినిపించేంత దగ్గర నుంచి చూస్తాను. కాబట్టి నేను చెప్పేవి ఎక్కువగా చెవికి సంబంధించిన సంగతులు.

నా నమ్మకం ఒకటుంది, అది ముందే చెప్పేస్తాను. మన తూర్పు ప్రాంతం కళల్లో చాలావాటికి నేల కావాలి, వ్యవధి కావాలి. స్టేజీ ఎక్కించి పది నిమిషాలిస్తే అవి సగం చచ్చిపోతాయి. అందుకని మీరు కరపత్రంలో "జానపద" అన్న మాట కనిపిస్తే, పక్కనే వేదిక పేరు, టైము చూడండి. మైదానమో, వీధో, కోట ముందు ఖాళీ స్థలమో అయితే తప్పకుండా వెళ్ళండి. రాత్రి సినిమా పాటలకి ముందు పెద్ద స్టేజీ మీద "ప్రత్యేక ఆకర్షణ" అని ఉంటే, దానికోసం పెద్దాయన్ని ఇబ్బంది పెట్టకండి.

మీ అమ్మాయి అడిగిందానికి జవాబు. తప్పెటగుళ్ళ వాళ్ళు గుండె మీద కట్టుకునేది గుండ్రటి రేకు వాయిద్యం. తాడుతో మెడకి తగిలించి రెండు చేతుల్తో వాయిస్తారు. ఒంటికి బనీను, పొట్టి లాగు, కాళ్ళకి గజ్జెలు. ఎక్కువగా యాదవుల ఇళ్ళల్లో తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన విద్య. దళంలో పదిహేను, ఇరవై మంది ఉంటారు. గురువు మధ్యలో నిలబడి పాట ఎత్తుకుంటాడు, చుట్టూ ఉన్నవాళ్ళు అందుకుంటారు. కృష్ణుడి కథలు, గొల్లభామ, చెంచులక్ష్మి, సారంగధర, ఇలాంటివి పాడతారు.

మొదట్లో నెమ్మదిగా, ఊరికే నడుస్తున్నట్టు ఉంటుంది. కొత్తవాళ్ళు "ఇంతేనా" అనుకుంటారు. గురువు గొంతు వేడెక్కాలి, కాళ్ళు ఒక దారికి రావాలి. అరగంట దాటాక నడక మారుతుంది. వంగి, లేచి, గిరగిరా తిరిగి, ఒక్కసారిగా అందరి చేతులూ ఆ రేకు మీద పడతాయి. అప్పుడు పాట వేరు, అడుగు వేరు, దరువు వేరు అని చెప్పలేం. ఇరవై మందీ ఒకే మనిషిలా కనిపిస్తారు. దాని తర్వాత ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడే విన్యాసాలు, తల మీద దీపాలు పెట్టుకుని ఆడటం. పది నిమిషాల్లో తప్పెటగుళ్ళు చూపించమంటే ఎసరు పొంగకముందే అన్నం దించేసినట్టు. వాళ్ళేం చేస్తారు పాపం? చివర్లో వెయ్యాల్సిన విన్యాసం మొదట్లోనే వేసి దిగిపోతారు. చూసినవాళ్ళు అదేదో సర్కస్ అనుకుని ఇంటికెళ్తారు.

నేల ఎందుకు కావాలో కూడా చెప్తాను. స్టేజీ అంటే కింద డ్రమ్ములో ఇనప పైపులో, పైన ప్లైవుడ్ చెక్కలు. ఇరవై మంది గజ్జెలు కట్టుకుని దాని మీద ఎగిరితే చెక్క దబదబా మోగుతుంది. గజ్జె చప్పుడు మునిగిపోతుంది. మట్టినేల మీద అడుగు చప్పుడు మెత్తగా పడి, గజ్జె పైకి తేలుతుంది. ఆ తేడా ఒక్కసారి విన్నవాళ్ళు మళ్ళీ స్టేజీ మీద చూడమంటే చూడరు. నేనైతే వాళ్ళకి మైకు ఒక్కటే పెడతాను, గురువు నోటి దగ్గర స్టాండు మీద. వాయిద్యానికి మైకు అక్కర్లేదు, అది దాని బలం మీద అది వినిపిస్తుంది. కొందరు కుర్రాళ్ళు కాలర్ మైకులు పెడతారు. చెమటకి పది నిమిషాల్లో పాడవుతాయి, పైగా రేకు పక్కనే ఉంటుంది కాబట్టి గీ మని కూస్తాయి.

ఒక పట్టణం ఉత్సవంలో, పేరెందుకులెండి, ఇరవై మంది దళం సామాన్ల వ్యానులో మధ్యాహ్నమే వచ్చింది. సాయంత్రం ఆరింటికి స్లాట్ అన్నారు. ప్రసంగాలు, సన్మానాలు, శాలువాలు అయ్యేసరికి తొమ్మిదిన్నర. అప్పటిదాకా వాళ్ళు గజ్జెలు కట్టుకుని స్టేజీ వెనకాల నేల మీద కూర్చున్నారు. ఎక్కాక ఏడు నిమిషాలకి నా దగ్గరికి ఒకాయన వచ్చి "మైకు కట్ చెయ్యి, ఆర్కెస్ట్రా వాళ్ళు రెడీగా ఉన్నారు" అన్నాడు. నేను కట్ చెయ్యలేదు. గురువుగారి చరణం పూర్తయ్యేదాకా ఆగమన్నాను. ఆ తర్వాత ఏడాది ఆ కాంట్రాక్టు నాకు రాలేదు. దానికి నాకేం బాధ లేదు. ఆ పెద్దాయన దిగుతూ నా భుజం మీద చెయ్యేసి "నువ్వొక్కడివి విన్నావు బావూ" అన్నాడు, అది మాత్రం ఇప్పటికీ బాధగానే ఉంది. ఎదురుగా అన్ని వేల మంది ఉన్నారు కదా.

సరే, మీ మామగారి మద్దెల దగ్గరికొస్తాను. తూర్పు భాగవతం ఇప్పుడు ఆడే మేళాలు తక్కువ. సత్యభామ వేషం మగవాళ్ళే కట్టడం పాత పద్ధతి. మద్దెల వాయించేవాళ్ళూ, వెనక నిలబడి పాట అందుకునేవాళ్ళూ ఆ ఆటకి సగం ప్రాణం. పాట చివర జతులు, అంటే అడుగుకి తగ్గ తాళపు మాటలు, పడేటప్పుడు, సత్యభామ కాలికీ మద్దెల మీది చేతికీ పందెం నడుస్తుంది. ఎవరూ వెనక్కి తగ్గరు. మీ మామగారు "ఆ మద్దెల" అన్నది ఆ ఘట్టం గురించే అయ్యుంటుంది.

దీనికి మాత్రం హాలైనా ఫరవాలేదు. కుర్చీలుంటాయి, పెద్దాయన మోకాళ్ళకి మంచిది. ఆనంద గజపతి ఆడిటోరియం, గురజాడ కళాభారతి లాంటి చోట్ల పగటి పూట, సాయంత్రం తొలి జాములో పెట్టే కార్యక్రమాల్లో వెతకండి. హాల్లోకి వెళ్ళాక బాక్సుల ముందు కూర్చోకండి. మధ్యలో, నాలుగైదు వరసలు వెనక్కి కూర్చుంటే మద్దెల ఎడమ తల, కుడి తల వేరువేరుగా వినిపిస్తాయి.

మహారాజా సంగీత కళాశాల వైపు కూడా ఒకసారి వెళ్ళండి. 1919లో పెట్టారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు, ఆయన తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు. ఘంటసాలగారు చదివింది ఇక్కడే. నారాయణదాసుగారిది బొబ్బిలి దగ్గర అజ్జాడ. ఉత్సవాల్లో హరికథ గనక ఉంటే పెద్దాయనకి అది బాగా నచ్చుతుంది, కూర్చుని వినే కళ కదా.

జముకుల కథ గురించి ఇంకో పోస్టులో రాస్తాను, దానికి చాలా చెప్పాలి. బొబ్బిలిలో ఒక పెళ్ళికి సెట్ వెయ్యాలి, ఇప్పుడు బయల్దేరాలి.

పొందూరు ఆడపడుచు:

అన్న కళాకారుల గురించి చెప్పాడు, నేను చేతిపనుల స్టాళ్ళ గురించి చెప్తాను. పాపకి బొమ్మలంటే ఇష్టం అన్నారు కదా, సవర బొమ్మలు గీసేవాళ్ళు వచ్చారేమో వెతకండి. సీతంపేట ఏజెన్సీ వైపు సవర గిరిజనులు ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో గీసే బొమ్మలవి. మనుషులు, చెట్లు, ఏనుగులు, నెమళ్ళు, నాట్యం చేసేవాళ్ళు. చనిపోయిన పెద్దల కోసం, పంటల కోసం గీస్తారు, అంటే అది వాళ్ళకి పూజ. ఇప్పుడు గుడ్డ మీద, కాగితం మీద కూడా గీసి అమ్ముతున్నారు. పాపని పక్కన కూర్చోబెట్టి గీస్తుండగా చూడనివ్వండి. "ఇదేంటి, అదేంటి" అని అడగనివ్వండి, ఓపిగ్గా చెప్తారు. ఫొటో తీసేముందు మాత్రం అడగండి.

మా పొందూరు ఖాదీ స్టాలు ఉంటే రాట్నం తిప్పి చూపించేవాళ్ళ దగ్గర ఆగండి, బట్ట తర్వాత చూడొచ్చు. పత్తిని శుభ్రం చెయ్యడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. ఆ సన్నటి పళ్ళతో దువ్వితే గింజ చుట్టూ ఉన్న పోగులు ఒకే వైపుకి వస్తాయి. మా ఇంట్లో మా నాయనమ్మ చేసేది. ఈ పని మిషను మీద చెయ్యొచ్చు కదా అని చాలామంది అంటారు. చెయ్యొచ్చు, నూలు కూడా వస్తుంది, కానీ పొందూరు సన్నం రాదు. అలాంటి పోగుతో నేసిన పంచె ఒకటి మీ మామగారికి తీసుకోండి. ధర ఎక్కువ అనిపిస్తుంది. ఎన్ని చేతులు మారి వచ్చిందో ఆ వడికే ఆవిడని అడిగితే ధర గురించి మళ్ళీ మాట్లాడరు.

సారవకోట మండలం బుడితి ఇత్తడి సామాను కూడా తెస్తారు ఒక్కోసారి. చిన్న చెంబు అయినా బరువు చూసి, మోత విని తీసుకోండి.

నాగావళి ఒడ్డు:

మైక్‌సెట్ అన్నతో నేను పూర్తిగా ఒప్పుకోను. మాది శ్రీకాకుళం. మా మేనమామ చెక్కభజన దళం నడుపుతాడు. స్టేజీ ఎక్కితేనే ఫొటో, ఫొటో ఉంటేనే సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఉంటేనే రేపు కళాకారుల పింఛనుకి దరఖాస్తు పెట్టినప్పుడు చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. వీధిలో రాత్రంతా ఆడినా ఎవరి దగ్గరా రికార్డు ఉండదు. 2020లో మన జిల్లా రంగస్థల నటులు యడ్ల గోపాలరావుగారికి పద్మశ్రీ వచ్చింది. స్టేజీ మీద బతికిన మనిషి కాబట్టే అందరికీ కనిపించారు. జానపదులకి మట్టే చాలు, నేలే చాలు అంటే వాళ్ళని అక్కడే కూర్చోమన్నట్టు అవుతుంది కదా అన్నా?

2025లో అరసవల్లి రథసప్తమిని రాష్ట్ర పండుగగా చేసినప్పుడు శోభాయాత్ర తీశారు. రోడ్డు మీద నడుస్తూ ఆడటం బాగానే ఉంది, కానీ మేళం ఒక చోట ఆగితే వెనక మేళం తోసుకొస్తుంది. అక్కడ కూడా ఎవరినీ పూర్తిగా చూడలేం. కాబట్టి వీధి అయితే చాలు అనుకోకూడదు.

మైక్‌సెట్ అన్న:

తమ్ముడూ, నువ్వన్నది సబబైన మాట. పింఛను విషయంలో నీతో వాదించను, ఆ కాగితాల కోసం తిరిగే పెద్దవాళ్ళని నేనూ చూశాను. ఫొటో కావాలి, గౌరవం కావాలి, చెప్పిన డబ్బు చెప్పిన రోజుకి చేతిలో పడాలి. నేను అడిగేది ఆ మూడూ నేల మీద కూడా ఇమ్మని. నాటకానికి స్టేజీ పుట్టిల్లు. అక్కడ తెర ఉంది, దీపం ఉంది, హార్మోనియం ఉంది. తప్పెటగుళ్ళకి ఆ పుట్టిల్లు వేరు. మైదానంలో తాడు కట్టి ముప్ఫై అడుగుల గుండ్రం వదిలి, చుట్టూ పట్టాలు పరిచి, ఒక వైపు పెద్దవాళ్ళకి కుర్చీలు వేసి, ఒక్క దళానికి గంట ఇవ్వండి. శాలువా అక్కడే కప్పండి. ఫొటో అక్కడే తియ్యండి. స్టేజీకి అయ్యే ఖర్చులో పదో వంతు కాదు. నేను మైకు ఊరికే పెడతాను, ఇది మాట.

ఊరేగింపు విషయంలో కూడా నువ్వు చెప్పింది నిజం. అందుకే అక్కయ్యగారికి ఒక కిటుకు చెప్తాను. ఊరేగింపు నడుస్తున్నప్పుడు కాదు, బయల్దేరకముందు వెళ్ళాలి. మేళాలన్నీ గంటన్నర ముందే వచ్చి పక్క వీధుల్లో ఆగుతాయి. పులివేషాల వాళ్ళు పసుపు మీద నల్ల చారలు గీయించుకుంటూ ఉంటారు. చెక్కభజన వాళ్ళు అడుగులు సరిచూసుకుంటారు. గిరిజనుల థింసా నృత్యం ఆడేవాళ్ళు అరకు వైపు నుంచి వస్తే, వాళ్ళ వాయిద్యగాళ్ళు తుడుం తోలుని ఎండకి చూపిస్తూ, మోరి ఊది చూసుకుంటూ ఉంటారు. ఆడవాళ్ళు ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు పట్టుకుని గొలుసులా నిలబడి రెండడుగులు వేసి చూసుకుంటారు. అప్పుడు తీరిగ్గా ఉంటారు, మాట్లాడతారు, పిల్లల్ని దగ్గరికి పిలుస్తారు. మీ అమ్మాయి బొమ్మ గీసుకోవాలంటే అంతకన్నా మంచి సమయం దొరకదు. ఉత్సవాలు మొదలయ్యే రోజు పైడితల్లమ్మ గుడి దగ్గర వాకబు చెయ్యండి, ఎటు నుంచి బయల్దేరుతారో చెప్తారు.

ఇప్పుడు జముకుల కథ. ఇది మన ఉత్తరాంధ్ర సొత్తు. గ్రామదేవతల పండగల్లో ఎల్లమ్మ కథ, అలాంటి అమ్మవార్ల కథలు రాత్రంతా చెప్తారు. ముగ్గురుంటే చాలు. ఒకరు కథ నడిపిస్తారు, ఒకరు జముకు వాయిస్తారు, ఒకరు మధ్యలో హాస్యం చెప్తూ వంత పాడతారు. జముకు అంటే అడుగు లేని చిన్న డొల్ల. ఒక వైపు తోలు, ఆ తోలు మధ్య నుంచి ఒక నరం. చంకలో ఇరికించుకుని ఆ నరాన్ని లాగుతూ, వదులుతూ మీటుతారు. లాగితే శబ్దం పైకి పోతుంది, వదిలితే కిందికి జారుతుంది. ఏడిచే చోట అది ఏడుస్తుంది, కోపం వచ్చిన చోట గుర్రుమంటుంది. కథకుడు మాట ఆపేసి జముకుని మాట్లాడనిచ్చే చోట్లు కొన్నుంటాయి. అవి విని నేను మిక్సర్ వదిలేసి నిలబడిపోయిన రాత్రులున్నాయి.

దీన్ని పాడుచేసేది ఎకో. ఈ రోజుల్లో ఏ మైక్‌సెట్ వాడైనా ముందు ఎకో పెంచేస్తాడు, గొంతు గొప్పగా వినిపిస్తుందని. జముకు శబ్దం జారే శబ్దం కదా, ఎకో పెడితే ముందు జారినదాని మీద వెనకది పడి అంతా ముద్దయిపోతుంది. మీరు చూడటానికి వెళ్ళినప్పుడు అలా ఉంటే మొహమాటపడకండి, ఆపరేటర్ దగ్గరికి వెళ్ళి "బాబూ, ఎకో తీసెయ్యి" అనండి. ఎవరూ అడగకే పెడుతున్నారు.

తొలేళ్ళ రాత్రి ఊరు నిద్రపోదు. రైతులు విత్తనాల కోసం వస్తారు, అమ్మవారి దగ్గర పెట్టిన విత్తనాలు పూజారిగారు పంచుతారు, వాటిని తమ విత్తనాల్లో కలుపుకుని చల్లుకుంటారు. పల్లెల నుంచి వచ్చిన మేళాలు ఆ రాత్రి ఎక్కడో ఒక దగ్గర ఆడుతూనే ఉంటాయి. పెద్దాయన్ని గదిలో పడుకోబెట్టి, మీరిద్దరూ పాపతో ఒక రెండు గంటలు తిరగండి. చెవి ఎటు లాగితే అటు వెళ్ళండి. ఆకలేస్తే మురీ మిక్చరు, పిడత కింద పప్పు ఎక్కడైనా దొరుకుతాయి.

మంగళవారం సిరిమాను ముందు నడిచేవాటిని అమ్మాయికి వివరంగా చూపించండి. పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల. అమ్మవారి విగ్రహాన్ని పెద్దచెరువులోంచి పైకి తెచ్చింది బెస్తవాళ్ళని, అందుకే వాళ్ళ వలకి ఆ స్థానం అని పెద్దలు చెప్తారు. చింతమాను చివర కుర్చీలో పూజారిగారు కూర్చుని, గుడి నుంచి కోటకి మూడుసార్లు వెళ్ళి వస్తారు. మొదటిసారి జనం ఎక్కువ తోసుకుంటారు.

రాజాం కోడలు:

కళ్ళు చెమ్మగిల్లాయి అన్నయ్యా. మామగారికి మొత్తం చదివి వినిపించాను. సత్యభామ కాలికీ మద్దెల చేతికీ పందెం అన్నచోట ఆపమని, మళ్ళీ చదివించుకున్నారు. తర్వాత తొడ మీద చేత్తో వాయించి చూపించారు. ఆయనకి ఇన్ని జతులు నోటికొచ్చని మాకెవరికీ తెలీదు. మా ఆయనైతే నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నారు.

రెండు సందేహాలు. కళాకారులకి డబ్బు ఇవ్వాలనుకుంటే ఎలా ఇవ్వాలి? చేతిలో పెడితే చిన్నబుచ్చుకుంటారేమోనని భయం. రెండోది, మేం రాజాంలోనే ఉంటాం కదా, ఖాళీ రోజు ఒకటుంది. దగ్గర్లో ఇంకేమైనా చూడొచ్చా?

బొబ్బిలి మేనల్లుడు:

రెండోదానికి నేను చెప్తాను. రాజాం నుంచి బొబ్బిలి దగ్గరే. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేస్తారు. సర్వసిద్ధి వాళ్ళ కుటుంబాలు తరాల నుంచి చేస్తున్న పని. కుండ, దండి విడివిడిగా అతికించరు, ఒకే పనస దుంగని తొలిచి వీణ చేస్తారు, ఏకాండి వీణ అంటారు. భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. వెళ్తే పొద్దుటి పూట వెళ్ళండి, ఉలి పని నడుస్తుంటుంది. పనస చెక్క తొలిచేటప్పుడు పసుపురంగు పొట్టు రాలుతుంది, పాపకి సరదాగా ఉంటుంది. సన్మానాల్లో ఇచ్చే బుల్లి వీణలు కూడా అక్కడే చేస్తారు. ఒకటి కొంటే వాళ్ళకీ సాయం. పాత వీణ ఇంట్లో ఉన్నవాళ్ళు బాగుచేయించుకోవడానికి కూడా అక్కడికే తీసుకెళ్తారు.

మైక్‌సెట్ అన్న:

డబ్బు సంగతి. ఇవ్వండి, చిన్నబుచ్చుకోరు. మన పల్లెల్లో ఇది ఎప్పటి నుంచో ఉన్న మర్యాదే, చదివింపులు అంటారు. పాట మధ్యలో దూరి ఇవ్వకండి. కథ ఒక మలుపు తిరిగి కాస్త ఆగినప్పుడు, దళం గురువు చేతికి ఇవ్వండి, మీ మామగారి పేరు, ఊరి పేరు చెప్పండి. ఆయన ఆ పేరుతో దీవెన పాడతారు. పెద్దాయన చేత ఇప్పిస్తే ఇంకా బాగుంటుంది. నోటు విసరడం, మెడలో వెయ్యడం లాంటివి వద్దు. దళంలో ఇరవై మంది ఉంటారు, వ్యాను కిరాయి ఉంటుంది, అది మనసులో పెట్టుకుని ఇవ్వండి.

ఇంకో మేలు చెయ్యగలరు. గురువు పేరు, ఊరు, ఫోను నంబరు అడిగి రాసుకోండి. మీ ఊళ్ళో పెళ్ళికో, గృహప్రవేశానికో, అమ్మవారి పండక్కో డీజే పెట్టే బదులు వాళ్ళని పిలవండి. ఉత్సవంలో ఏడాదికొక రోజు ఆడితే కళ నిలబడదు. కుర్రాడు నేర్చుకోవాలంటే నెలకి రెండు మూడు పిలుపులైనా ఉండాలి. గురువులు నాతో ఎప్పుడూ చెప్పేది ఇదే.

తూర్పు భాగవతం ఈసారి ఏ రోజు, ఏ హాల్లోనో కరపత్రం రాగానే ఇక్కడ పెడతాను. హాల్లో సెట్ నాది కాకపోయినా ఆపరేటర్ తెలిసినవాడే అయ్యుంటాడు. మద్దెల దగ్గర మైకు ఎక్కడ పెట్టాలో ముందే చెప్పి ఉంచుతాను. పెద్దాయన్ని అరగంట ముందే తీసుకొచ్చి, మధ్యలో ఐదో వరసలో కూర్చోబెట్టండి. ఆ వరస చివర ర్యాంపు ఉంటే మెట్లెక్కే పని కూడా తప్పుతుంది, కనుక్కుని చెప్తాను.